జిగురు ఆరేలోపు

బావ అతన్ని 'చిత్రిక' అని పిలిచేవాడు. నునుపు పట్టే చిత్రిక చేతికి దొరికితే చాలు, చెక్క నున్నబడిందా లేదా అని కూడా చూడకుండా పొరలు పొరలుగా తీస్తూనే ఉంటాడని ఆ బిరుదు. "ఒరేయ్, ఆపరా బాబూ! ఇంకాసేపుంటే అది బల్ల కాదు, కాగితం," అని షెడ్డు అవతలి మూల నుంచి కేకేసేవాడు.

చిత్రిక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. వడ్రంగం ఇద్దరికీ రాదు. అక్క పెళ్ళయిన కొత్తలో, కాలు ఊగుతున్న స్టూలు బాగుచేస్తామని కూర్చుని, సాయంత్రానికి దాన్ని పొయ్యిలోకి కూడా పనికిరాకుండా చేశారు. ఆ పరువు నిలబెట్టుకోవడానికి మొదలైన పని కాస్తా పిచ్చి అయింది. ఆదివారం వస్తే బావ ఇంటి షెడ్డులోంచి కారు బయటికి, వీళ్ళిద్దరూ లోపలికి. వాళ్ళు చేసిన మొదటి కుర్చీలో అక్క కూర్చోగానే అది ఓ పక్కకి ఒరిగింది. "కుర్చీ చెయ్యమంటే ఊయల చేశారేంట్రా?" అంది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ ఇంట్లో నవ్వులు ఎప్పుడు తగ్గాయో చిత్రిక గమనించలేదు. అక్కా బావా కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాటలు కరువై, చివరికి విడిపోయారు. ఫలానా వాళ్ళది తప్పని వేలెత్తి చూపడానికి లేదు. విడాకులు వచ్చిన రోజు అక్క తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది.

"నువ్వు ఇంక అక్కడికి పోవు కదరా?"

"పోనక్కా," అన్నాడు.

మొగుడికి దూరమైన అక్కని ఓదార్చడానికి చుట్టాలంతా వచ్చారు. బావకి దూరమైన బామ్మర్దిని ఓదార్చాలని ఎవరికి తోస్తుంది? అతనికే తోచలేదు. ఆదివారం పొద్దున్నే లేచి, ఎక్కడికో బయల్దేరినవాడిలా చొక్కా తొడుక్కుని, మళ్ళీ విప్పేసేవాడు.

"మీ చేతులు ఊరుకోలేకపోతున్నాయి. మనకో భోజనాల బల్ల చెయ్యండి," అంది భార్య, చూడలేక.

బాల్కనీలో పనిబల్ల వేసుకున్నాడు. చెక్కలు కోశాడు, కాళ్ళు చేశాడు. పైభాగం దగ్గర వచ్చింది చిక్కు. పొడవాటి పలకల్ని పక్కపక్కన జిగురుతో అతికించి, ఆరేదాకా క్లాంపులతో బిగించి ఉంచాలి. ఇటు బిగిస్తే అటు లేచింది. అటు పరిగెత్తి అదిమితే మధ్యలో జారింది. ఈలోగా జిగురు కాస్తా పట్టేసింది. మర్నాడు చెయ్యి పెట్టి చూసుకుంటే అతుకు అతుకుకీ ఓ మెట్టు తగిలింది.

చెక్క తక్కువ పడి కలప అడితీకి వెళ్ళాడు. అక్కడ ఒకాయన వంగి, పలకని వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. ఆ చెవి ఎవరిదో చిత్రికకి వెనకనుంచే తెలిసిపోయింది. 'బావా' అనబోయి ఆగాడు. ఇప్పుడాయన్ని ఏమని పిలవాలి?

ఈలోగా బావే తలెత్తాడు. "ఏరా, ఇలా చిక్కిపోయావేంటి? చెక్కలు చాలక నిన్ను నువ్వే చిత్రిక పట్టుకుంటున్నావా?"

చిత్రిక నవ్వబోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మార్చడానికి బల్ల సంగతి చెప్పాడు.

"ఒక్కడివే జిగురు పెట్టావా? బుద్ధుందా? ఒకడు అదిమి పట్టుకోవాలి, ఒకడు బిగించాలి."

"పట్టుకునేవాడేడి?" అనేశాడు చిత్రిక.

బావ తను తట్టి చూసిన పలకని మిగతావాటి పక్కన పేర్చాడు.

"నేను రేవు పట్నానికి వెళ్ళిపోతున్నాన్రా. అక్కడ పని దొరికింది," అన్నాడు బావ. "మిగిలిన చెక్కంతా అమ్మేద్దామని తెచ్చాను. వెళ్ళేలోపు ఒక ఆదివారం ఉంది. వస్తాను. కానీ ముందు మీ అక్కకి చెప్పు. దొంగచాటుగా మాత్రం రాను."

అక్క ఇస్త్రీ చేసుకుంటోంది. బావ ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడనీ, ఈలోపు బల్ల పనికి వస్తానన్నాడనీ విని, పెట్టెని చీర మీదే వదిలేసింది. చిత్రిక చటుక్కున తీసి పక్కన పెట్టాడు.

"జిగురు పెట్టడానికి ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. నాకు బావ కావాలక్కా," అన్నాడు, చిన్నపిల్లాడు మారాం చేసినట్టు.

అక్క చీర మడత విప్పి, మళ్ళీ అలాగే మడిచింది. "పిలుచుకో. నాతో మాత్రం ఏమీ చెప్పకు. ఎలా ఉన్నాడో కూడా చెప్పకు."

ఆదివారం బావ తన క్లాంపులన్నీ సంచీలో వేసుకుని వచ్చాడు. మెట్లు పడ్డ అతుకుల్ని కోసేసి, అంచులు మళ్ళీ చదును చేశారు. పలకలు జతచేసి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి చిన్న గీతంత వెలుగు కూడా రాలేదు. అప్పుడు జిగురు పూశారు. బావ అదిమి పట్టుకున్నాడు, చిత్రిక బిగించాడు. "ఇటు... చాలు. అటు కాస్త... చాలు." బిగించడం అయిపోయింది. ఇంక పట్టుకోనక్కర్లేదు. అయినా ఇద్దరూ చేతులు తియ్యలేదు.

"మీ అక్క..." అన్నాడు బావ.

"బాగుంది."

"ఊఁ." తడిగుడ్డతో పైకి ఉబికిన జిగురు తుడిచాడు. క్లాంపులు అక్కడే వదిలేశాడు. జిగురు ఆరకముందే వెళ్ళిపోయాడు.

బల్ల తయారయ్యాక అక్కని భోజనానికి పిలిచారు. కంచం ముందు కూర్చుని, అక్క అరచేత్తో బల్లని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరింది. అతుకు ఎక్కడుందో చేతికి దొరకలేదు. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండా అడిగింది.

"అక్కడ షెడ్డు ఏమైనా దొరికిందట్రా?"

"లేదక్కా. చిన్న గది. పనిబల్ల పట్టదట."

"అయ్యో," అంది అక్క. "ఆదివారాలు ఏం తోస్తుంది, పాపం."

చిత్రిక కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాడు. అక్క ఎడమచెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది.