అభ్యంతరం ఉన్నవాళ్లు

ఫెబా గోంగూర ఒలుస్తుండగా ఫోను మోగింది. అవతల వకీలు జాన్ బాషా. "అమ్మా, మీ అమ్మమ్మ మీద కేసు తీసేశారు. ఆవిడిక వాయిదాలకి తిరిగే పని లేదు" అన్నాడు.

ఫెబా చేట పక్కకి నెట్టి "ఏవండీ!" అని ఒక్క కేక పెట్టింది. స్నానాలగదిలో ఉన్న నతానియేలు ఏం ముంచుకొచ్చిందోనని తల నిండా సబ్బు నురగతోనే తలుపు తీశాడు. ఆ నురగలోంచి మిటకరించే కళ్లు చూసి ఆమెకి నవ్వు ఆగలేదు. పెళ్లయి మూడు నెలలు కాలేదు. ఆయన తుమ్మినా ఆమెకి ముచ్చటగానే ఉంటోంది.

"అమ్మమ్మ మీద కేసు తీసేశారట. ఆమెకి ఫోనులో చెప్పొద్దండీ. ఎదురుగా కూచుని చెప్పాలి. ఆ మొహం నేను చూడాలి" అంది.

నల్లపాడులో మైసూరుపాకు కట్టించుకుని స్కూటరెక్కారు. ముందురోజు వాన పడింది. రోడ్డుకి అటూ ఇటూ చేలల్లో కొత్తగా నాటిన మిరప మొక్కలు నిలదొక్కుకుంటున్నాయి. తడిసిన మిరప చేల వాసనకి ఫెబాకి చిన్నతనమంతా ముక్కుపుటాల్లోకి వచ్చేసింది.

వేసవి సెలవులన్నీ అమ్మమ్మతో కల్లంలోనే గడిచేవి. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య కూచుని ఆడవాళ్లు రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతుంటే, ముక్కుకి తువ్వాలు కట్టుకుని అమ్మమ్మ రెబెకా ఓ కీర్తన ఎత్తుకునేది. పక్కనే ఆమె జత కూలీ కరీమున్ వంత పాడేది. ఘాటుకి సరిగ్గా చరణం మధ్యలో తుమ్ము వచ్చేది. తుమ్ముని కూడా రాగంలో కలిపేసేవాళ్లు ఇద్దరూ. కరోనా వచ్చి అందరూ మాస్కులు పెట్టుకోవాలన్నప్పుడు వాళ్లిద్దరూ పడీపడీ నవ్వారట. "మనం పుట్టినకాడ్నించీ కట్టుకుంటుంటే గవర్నమెంటోళ్లకి ఇప్పుడు తెలిసిందే!" అని.

ఆ రెండో విడత జబ్బులోనే కరీమున్ పోయింది. మట్టి చేసే చోటికి నలుగురికి మించి పోనివ్వలేదు. అమ్మమ్మని వీధి మలుపులోనే ఆపేశారు.

"ఏం ఆలోచిస్తున్నావ్?" అన్నాడు నతానియేలు.

"మన పెళ్లి" అంది ఫెబా, అతని వీపుకి చెంప ఆనించి.

నిజంగానే పెళ్లి గుర్తొస్తోంది. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. పెళ్లికి ఇరవైమందే. చర్చి గుమ్మం దగ్గర కానిస్టేబులు తలలు లెక్కపెట్టి, కొత్త వెంకటగిరి చీర కట్టుకుని వచ్చిన అమ్మమ్మ దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. పెళ్లికూతుర్ని పెంచింది నేనే నాయనా అంటే, రూల్సు మామ్మా అన్నాడు. ఆమె ఇంకో మాట అనకుండా వెళ్లి ఎదురింటి అరుగు మీద కూచుంది. వాడంతా ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడి, చర్చి మీది మైకులో పెళ్లి వింటున్నారు.

సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఊరేగింపు వచ్చింది. డప్పులు, మోటారుసైకిళ్లు, జేసీబీ తొట్టిలోంచి పూలు. మూతికి గుడ్డ ఉన్నవాడు ఒక్కడు లేడు. తలలు లెక్కపెట్టిన కానిస్టేబులే ఈలవేసి దారి చేస్తున్నాడు.

లోపల పెళ్లి చేయిస్తున్న పాస్టరు ఏసోబు అయ్యగారికి ఇదేమీ తెలియదు. పుస్తకంలో ఉన్నట్టే గంభీరంగా చదివారు: "ఎవరికైనా న్యాయమైన అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను."

"ఉంది!" అంది బయటినుంచి అమ్మమ్మ గొంతు.

ఆ వెంటనే గుమ్మాలన్నీ అందుకున్నాయి. "మాకూ ఉంది! మాకూ ఉంది!"

ఫెబా ముసుగెత్తి గుమ్మం వైపు తిరిగింది. నతానియేలు మొహం పాలిపోయింది. అయ్యగారు పుస్తకం మూశారు. ఆయన సర్వీసులో ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది లేదు. అభ్యంతరం చెప్పినవారు లోపలికి వచ్చి కారణం చెప్పాలని మైకులో పిలిచారు.

అప్పటికే అరుగు దిగి ఎమ్మెల్యే జీపుకి అడ్డంగా నిలబడి ఉన్న అమ్మమ్మ గబగబా లోపలికి వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆపడానికి కానిస్టేబులు లేడు.

"అబ్బాయి మీదేమన్నా చెప్పాలా రెబెకమ్మా?"

"అబ్బాయి బంగారం అయ్యగారూ. నా అభ్యంతరం బయట జీపు మీద చేతులూపుతున్నాడే, ఆయన మీద. మా కరీమున్ మీద పిడికెడు మన్ను వేయనివ్వలేదు నన్ను. ఆయనకి ఇంతమందా?"

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఈ వివాహానికి అభ్యంతరం లేదు. ఇక నువ్వు వచ్చి ముందు బల్ల మీద కూచో" అన్నారు. ప్రమాణాలు చెబుతున్నంతసేపూ ఫెబా అమ్మమ్మనే చూసింది.

సాయంత్రానికల్లా కేసు పెట్టారు. జనాన్ని పోగుచేసిందట, రోడ్డుకి అడ్డం పడిందట. రెబెకా మీద. ఆయన మీద కాదు.

స్కూటరు ఆగేసరికి అమ్మమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. "ఏందే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు? అల్లుడూ, చిక్కిపోయావేందయ్యా! ఇది నీకు వండి పెడుతోందా, వచ్చినప్పుడల్లా ఇక్కడే తిని పోతున్నావా?"

"అమ్మమ్మా, నీ మీద కేసు తీసేశారు!"

అమ్మమ్మ చేట కింద పెట్టింది. రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం" అంది. ఫెబాని దగ్గరికి లాక్కుని మెటికలు విరిచింది. కూలి మానుకుని బస్సెక్కి, కోర్టు వరండాలో పొద్దుగూకేదాకా పడిగాపులు పడటం ఇక లేదు. ఫెబా చూడాలనుకున్న మొహం అదే. మైసూరుపాకు ముక్క తీసి అమ్మమ్మ నోట్లో పెట్టింది.

నములుతూ నములుతూ అమ్మమ్మ ఆగింది. "మరి ఆయన మీదో?"

"ఆయన మీద కేసే లేదు కదండీ అమ్మమ్మగారూ, తీసేయడానికి" అన్నాడు నతానియేలు నెమ్మదిగా.

"అదే రోజు, అదే రోడ్డు. నన్ను వదిలిపెట్టి ఊరుకోమంటున్నారన్నమాట."

"వదిలెయ్ అమ్మమ్మా. మళ్లీ నిన్ను తిప్పుతారు" అంది ఫెబా. గొంతులో భయం ఆమెకే వినబడింది.

"తిప్పనీయవే. ఇన్నాళ్లూ తిరిగానుగా, దారి తెలుసు." అమ్మమ్మ చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "కరీమున్ ఉంటే నాతోపాటు వచ్చేది."

ఫెబా నతానియేలు వైపు చూసింది. అతను జేబులోంచి ఫోను తీసి, పెళ్లినాడు ఎవరో పంపిన ఊరేగింపు వీడియో ఉందో లేదో వెతుకుతున్నాడు. ఉన్నట్టే ఉంది, తల ఊపాడు. ఆ తల ఊపుడుకి ఫెబాకి అతన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపించింది.

"ఫిర్యాదు నేను రాస్తాను" అంది. "నువ్వు చెప్పు, నేను రాస్తా."

"సరే అయితే" అంది అమ్మమ్మ, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని. "ఈ పూటకి ఇక్కడే పడుకోండి. రేప్పొద్దున చద్దన్నం తిని ముగ్గురం స్టేషనుకి పోదాం. అల్లుడూ, పెట్రోలు ఉందో లేదో ఇప్పుడే చూసుకో."