పాప మొలతాడుకు పసుపుగాజు

నేను ఒక పసుపుగాజు బిళ్ళను. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉంటాను. చుట్టూ ఇత్తడి కడియం, దాని మీద వెండిలా మెరిసే పూత, పక్కన ఆవగింజంత మర. ఆ మర బిగించారంటే కెమెరా కంటికి రెప్పలా అతుక్కుని కూర్చుంటాను. భయమంటే ఏమిటో నన్నడగండి, చెప్తాను. గాజును పట్టుకున్న ప్రతి చెయ్యీ "జాగ్రత్త, జాగ్రత్త" అంటూనే పట్టుకుంటుంది. ఆ మాట విని విని మాకు భయం ఒంటికే పట్టేస్తుంది. నేను పగిలిపోతానేమోనని భయపడ్డది మాత్రం తక్కువ. నా వల్ల ఇంకొకరికి ఏమవుతుందోనని భయపడ్డదే ఎక్కువ.

నేను పుట్టింది జర్మనీలో, మంచు కురిసే ఒక ఊళ్ళో. అక్కడి కార్ఖానాలో ఒకమ్మాయి నా అంచును నూరి, నోటి ఆవిరి పట్టి, మెత్తని బట్టతో తుడిచి, దీపానికెత్తి చూసి, చిన్న తోలుసంచిలో పెట్టింది. నాతోబాటు నాలాంటివి ఆ పూట ఒక తట్టెడు పుట్టాయి. నేను అరుదైన వస్తువునని నాకెప్పుడూ అనిపించలేదు. తట్టలో పుట్టినవాళ్ళకు ఆ గర్వం ఎక్కడినుంచి వస్తుంది?

ఓడెక్కి మద్రాసు చేరాను. మూర్ మార్కెట్టులో పాత సామాన్ల కుప్పలోంచి నన్ను ఏరుకున్నవాడు చీరాల గుర్నాథం. ఆయనకు చీరాలలో ఫోటో స్టూడియో ఉండేది. కొత్త దంపతులను ఓడరేవు ఇసకలోకి తీసుకెళ్ళి సముద్రం ముందు నిలబెట్టేవాడు. నలుపు తెలుపు ఫోటోల్లో ఆకాశం ఉత్త తెల్లకాగితంలా పోతుంది. నన్ను తగిలిస్తే మాత్రం మబ్బులు తేలతాయి. నేను చేసే పనల్లా నీలాన్ని మింగడమే. నీలాకాశం నల్లబడితే తెల్లమబ్బు దానంతటదే బయటపడుతుంది. "ఆరోజు ఇన్ని మబ్బులు మేం చూళ్ళేదే!" అని పెళ్ళికొడుకులు నోరెళ్ళబెడితే, "అదృష్టం ఉన్నోళ్ళకి కనపడతయిలే" అనేవాడు గుర్నాథం. మనుషులకు అసలు సంగతి కంటే ఆ మాటే నచ్చేది.

తర్వాత రంగుల ఫోటోలొచ్చాయి. వాటిలో నన్ను తగిలిస్తే పెళ్ళికూతురంతా పచ్చగా పడుతుంది. అందుకని సొరుగులోకి చేరాను. గుర్నాథం పోయాక కొడుకు స్టూడియో మూసేసి, కెమెరాలను పాతసామాన్లవాడికి తూకానికిచ్చేశాడు. ఆ హడావిడిలో నేను బల్ల కిందికి దొర్లాను. అక్కడ ఊడ్చే వీరనాగమ్మ చీపురుకు తగిలాను. ఆమె నన్ను చూపిస్తే, "గాజుముక్కేగా, ఉంచుకో" అన్నాడు కొడుకు. ఆమె నన్ను కొంగున ముడేసుకుని, మగ్గాల పేటలో తన ఇంటికి తీసుకెళ్ళింది.

వీరనాగమ్మ కొడుకు సాంబశివ ఆటో తోలతాడు. కోడలి పేరు హైమ. వాళ్ళకు మోక్షిత పుట్టింది. పుట్టిన మూడోనాడు పాప కళ్ళు పచ్చబడితే ఆసుపత్రిలో నీలిదీపం కింద పడుకోబెట్టారు. వీరనాగమ్మకు నేను గుర్తొచ్చాను. "పచ్చదాన్ని పచ్చదే లాగుద్ది" అంటూ, ఎవరూ చూడకుండా నల్లతాడుతో నన్ను పసిదాని మొలకు కట్టేసింది. నేను గడగడలాడిపోయాను. ఆ నీలి వెలుగే పాపకు మందు. నీలాన్ని మింగడమే నా పని. నోరుంటే "నన్ను తీసెయ్యండర్రా!" అని అరిచేదాన్ని. అదృష్టం, నర్సు చూసింది.

"ఇదేంది పెద్దమ్మా! పసిపిల్లకి గాజుపెంకులు కడతారా ఎక్కడన్నా?" అని నన్ను విప్పి ఆమె చేతిలో కుక్కింది.

దీపం తన పని తాను చేసింది. పాప కోలుకుంది. పేరు మాత్రం నాకొచ్చింది. ఇంటికి రాగానే మళ్ళీ మొలతాడెక్కాను.

హైమ సంగతి చెప్పాలి. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి. పిల్ల ఎక్కువ నవ్వితే జ్వరమొస్తుందేమోననుకుంటుంది, నవ్వకపోతే వచ్చేసిందనుకుంటుంది. కుక్కర్ కూతకే దడుసుకుని ఏడ్చే పాప నన్ను కట్టాక దడుసుకోవడం మానేసిందని ఆమె నమ్మకం. పాప ఎదుగుతోంది, ఏడుపు తగ్గింది, నేను చేసిందేమీ లేదు. అయినా నీళ్ళు పోసేటప్పుడు ఆమె నన్ను కూడా సున్నిపిండితో రుద్ది, కళ్ళకద్దుకునేది. నాకు అంతకు ముందు ఎవరూ దణ్ణం పెట్టలేదు.

పాప మొదటి పుట్టినరోజుకు పక్కింటి రత్తాలు వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి, చేతిలో ఫోను ఉంటే కాళ్ళు నేల మీద ఉండవు. ఒంటి మీద నేను తప్ప ఏమీ లేకుండా నిలబడ్డ పాపను ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది.

"అమ్మే హైమా! నీ కూతురి మొలకి ఏం కట్టావో తెలుసా? లచ్చా ఎనభై అయిదు వేలు!"

"ఊరుకో అక్కా, పొద్దున్నే నీ ఎగతాళి."

"ఎగతాళి కాదే పిచ్చిమొకమా! మా తమ్ముడు హైదరాబాదులో పాతవి కొని అమ్ముతాడుగా, వాడు పంపించాడు. చూడు, ఇదేగా? మర గూడా అట్టనే ఉంది."

ఫోనులో నాలాంటిదే ఒకటి నల్లగుడ్డ మీద కూర్చుని ఉంది. నా తట్టలోదే అయ్యుండాలి. దాని కింద ఆ అంకె.

ఆ తర్వాత పేట పేటంతా ఆ ఇంటికే. వచ్చినవాళ్ళు పాప బుగ్గ గిల్లేవాళ్ళు కాదు, గౌను ఎత్తి మొల చూసేవాళ్ళు. లక్షా ఎనభై అయిదు వేలు పాలకేంద్రం దగ్గరికి వెళ్ళేసరికి మూడు లక్షలయింది, రైలుగేటు దాటేసరికి అయిదు. సాంబశివ కొత్త ఆటోకు రంగు కూడా ఎంచుకున్నాడు. వీరనాగమ్మ "నా చీపురుకి తగిలింది, నా చేతి చలవ" అని కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంది.

హైమకు మాత్రం ముద్ద దిగలేదు. పిల్ల మెడలో గొలుసు వేసి వీధిలోకి పంపితే ఏమవుతుందో ఆ ఊళ్ళో ప్రతి తల్లికీ తెలుసు. గొలుసు కోసం వచ్చినవాడు గొలుసు ఒక్కటే తీసుకుపోడు. నన్ను ఉంచితే దొంగల భయం, తీస్తే దడుపు భయం. ఆలోచించి ఆలోచించి నన్ను విప్పి బియ్యం డ్రమ్ములో పూడ్చింది. పిల్ల దగ్గర ఇప్పుడేమీ లేదు చూసుకోండన్నట్టు, పాపను ఉత్త మొలతో అరుగు మీద కూర్చోబెట్టింది.

"చూశావా, దాచిపెట్టింది! గడుసుదే" అంది వీధి.

బియ్యంలో ఊపిరాడక నేను విన్నాను ఆ మాట. అప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. వచ్చినవాడికి పిల్ల మొలలో నేను కనపడకపోతే? అద్దం ఎక్కడ పెట్టారో చెప్పమని పిల్లనే పట్టుకుంటే? నేను ఒంటి మీద లేకపోయినా నా ధర ఆ పాప ఒంటి మీదే ఉంది. దాన్ని విప్పడం ఎవరి తరం?

ఒకరోజు హైమ కుళాయి దగ్గర నీళ్ళు పడుతోంది. మోటారుసైకిలు మీద ఎవరో ఆగి అడిగాడు.

"కెమెరా అద్దం ఉన్న పాప ఇల్లు ఏదండీ?"

ఎవరో చెయ్యి చూపించారు. హైమ బిందె వదిలేసింది. ఆ చప్పుడు డ్రమ్ములో ఉన్న నాకు కూడా వినపడింది. ఆమె వచ్చేసరికి ఆ మనిషి అరుగు దగ్గర వంగి ఉన్నాడట, పాప అతని వేలు పట్టుకుని నవ్వుతోందట. హైమ పాపను గద్దలా లాక్కుంది.

"ఎవరు నువ్వు? నా బిడ్డ దగ్గర ఏం పని నీకు?"

"అయ్యో, భయపడమాక చెల్లెమ్మా. గుంటూరు నుంచి వచ్చా. పాత కెమెరాలు దాచుకునే పిచ్చి నాకు. అద్దం ఒకసారి చూసి పోతా, అంతే."

అప్పటికే వీధంతా చేరింది. సాంబశివ కూడా ఆటో ఆపి వచ్చాడు, బియ్యంలోంచి నన్ను తెప్పించాడు. ఆ మనిషి నన్ను అంచుల దగ్గర పట్టుకుని ఆకాశానికెత్తి చూశాడు. గుర్నాథం తర్వాత అలా పట్టుకున్నవాళ్ళు లేరు.

"అసలుదే. బాగుంది. అయిదొందలిస్తా."

వీధి గొల్లున నవ్వింది.

"లచ్చకి తగ్గేది లేదన్నా" అన్నాడు సాంబశివ, గొంతు బరువు చేసుకుని.

"అడగడానికేముంది తమ్ముడూ, అడిగే రేటు ఎవడైనా పెట్టుకోవచ్చు. ఇచ్చేవాడు కావద్దూ? ఫోనులో మీరు చూసినాయన మూడేళ్ళ నుంచి అదే రేటు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతవరకూ ఒక్కడు కొన్లా. ఆయన్ని చూసి ఇంకొకాయన రెండు లక్షలు పెట్టాడు. అదీ అట్టనే ఉంది."

"నమ్మమాక హైమా!" అంది రత్తాలు. "అయిదొందల సరుక్కి గుంటూర్నించి పెట్రోలు పోసుకుని వచ్చాడంట! చెవిలో పూలు పెడతన్నాడు."

ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం. నిజం అంత దూరం నుంచి పెట్రోలు పోసుకుని వచ్చినందుకే ఎవరూ నమ్మలేదు.

హైమ నమ్మిందో లేదో నాకు తెలీదు. ఆమె చూపు జనం మొహాల మీద తిరిగింది. ఆ చూపులో ఏముందో నాకు అర్థమయింది. నన్ను అమ్మితే ఇంట్లో లక్షలున్నాయంటారు. ఊరికే ఇచ్చేస్తే చాటుగా పుచ్చుకుందంటారు. ఉంచుకుంటే ఇవాళ గుంటూరు నుంచి మంచివాడొచ్చాడు, రేపు ఎవడొస్తాడో.

పాపను అత్త చంకకిచ్చింది. లోపలికెళ్ళి రోటి పొత్రం తెచ్చింది. ఆ మనిషి చేతిలోంచి నన్ను తీసుకుని కుళాయి దగ్గర బట్టలుతికే బండ మీద పెట్టింది.

"ఒసే! నీకేమన్నా పిచ్చి పట్టిందా?" సాంబశివ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, రేపు ఎవడన్నా వచ్చి అద్దం ఏదని పిల్లనడిగితే ఏం చెప్పుద్దది? దానికి మాటలు గూడా రావు."

అతను ఆమె మొహం చూశాడు, పిల్ల మొహం చూశాడు. చెయ్యి వదిలేశాడు.

మొదటి దెబ్బకు కడియం వంగింది. రెండో దెబ్బకు నేను పగిలాను. కుళాయి నీళ్ళు తప్ప ఏదీ కదల్లేదు. గుంటూరు మనిషి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా రత్తాలే అంది.

"అసలుదైతే ఎవరన్నా పగలగొట్టుకుంటారా? ఇది డూప్లికేటే. నేను ముందే అనుకున్నా."

"ఆఁ, మెరుపు చూస్తేనే తెలీట్లా" అన్నారింకెవరో.

జర్మనీలో దీపానికెత్తి చూసి, ఏ లోపమూ లేదని సంచిలో పెట్టిన నన్ను, చీరాలలో నకిలీదన్నారు. ఇన్నేళ్ళలో నేను విన్న మాటల్లో అంత చల్లని మాట ఇంకోటి లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ అంకె పాప ఒంటి మీది నుంచి జారిపోయింది. జనం పల్చబడ్డారు. గుంటూరు మనిషి హైమకు ఒక దణ్ణం పెట్టి బండెక్కాడు. సాంబశివ వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

భయం తీరిందనుకున్నాను. తీరలేదు. ఒక్క బిళ్ళగా ఉన్నదాన్ని ఇప్పుడు వంద ముక్కలయ్యాను, ప్రతి ముక్కకూ ఒక మొన. అందరూ ఒట్టి కాళ్ళతో తిరిగే చోటు అది. ఆ పాప ఇప్పుడిప్పుడే గోడ వదిలి అడుగులేస్తోంది.

హైమ ఊడ్చింది. నీళ్ళు కొట్టింది. మళ్ళీ ఊడ్చింది. అయినా మనసొప్పక గోధుమపిండి ముద్ద కలిపి తెచ్చి, బండ మీద జానెడు జానెడుగా అద్దుకుంటూ పోయింది. కంటికి కనపడని నలుసులు కూడా ముద్దకు అంటుకున్నాయి.

"లచ్చలు పగలగొట్టావు, ఇప్పుడు చపాతీ పిండి నేలపాలు చేస్తన్నావా?" అంది వీరనాగమ్మ.

"చేయనీ అత్తా" అంది హైమ, తలెత్తకుండా. బండ పగుల్లో పంచదార పలుకంత ముక్కనై దాక్కున్నాను నేను. ఎండకు తళుక్కుమన్నాను. చూసింది. ముద్దతో గట్టిగా ఒత్తి తీసుకుంది.

ఇప్పుడు ఆ ముద్దలో, ఒక కాగితం పొట్లంలో, మున్సిపాలిటీ చెత్తబండిలో పోతున్నాను. ముద్ద నిండా ఆమె వేళ్ళ అచ్చులు. కుదుపు కుదుపుకీ నా ముక్కలన్నిటినీ తడుముకుంటున్నాను, ఒక్కటి గానీ అక్కడ ఉండిపోయిందేమోనని. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. అక్కడ హైమ కూడా అరచేత్తో ఆ బండను మళ్ళీ ఒకసారి తడుముతూ ఉంటుంది.