సుద్దగీత

మూడో చుక్క వేశాక మేస్త్రీ నూనెడబ్బా మూతి పైకెత్తి, అది ఇంకేదాకా కదలకుండా చూశాడు. చుక్కాని కడ్డీకీ, దాన్ని పట్టుకున్న ఇత్తడి గొట్టానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు. అందులో ఉప్పు చేరి రాయిలా గట్టిపడింది. గొట్టం అంచు నుంచి కడ్డీ మీదికి సుద్దముక్కతో సన్నటి గీత గీశాడు. కడ్డీ ఏ కాస్త తిరిగినా ఆ గీత రెండుగా విడిపోతుంది. అప్పటిదాకా చుక్కాని పిడి మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని కూర్చోవాలి. బలం పెట్టకూడదు. చేతి బరువు చాలు.

పడవల షెడ్డులో అందరూ అతన్ని నానుడు మేస్త్రీ అంటారు. బిగుసుకుపోయింది ఏది తెచ్చినా ముందు ‘నానాలి’ అంటాడు. అలా కూర్చున్నప్పుడు పలకరిస్తే పలకడు. లోపల ఉప్పు చిట్లడం చేతికి తెలుస్తుందనీ, మాట్లాడితే ఆ జాడ తప్పిపోతుందనీ అతని నమ్మకం. అందుకే ఆ సమయంలో అతని వెనక నుంచి వెళ్లేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్తారు.

ఈ చిన్న తెరచాప పడవ తమ్ముడిది. తమ్ముడు ఇదే షెడ్డులో వడ్రంగి. తొమ్మిదేళ్ల కిందట ఎవరిదో పడవలో చుక్కాని బిగుసుకుంటే, నానేదాకా ఆగలేక, పెద్ద సుత్తితో కడ్డీ తల మీద రెండు దెబ్బలు వేశాడు. తల విచ్చుకుని కడ్డీ ఇక పైకీ రాలేదు, కిందికీ పోలేదు. పడవ వెనక చెక్కంతా కోయాల్సి వచ్చింది. అప్పుడు పదిమందిలో మేస్త్రీ ఒక్క మాటన్నాడు: “సుత్తి ఉండి ఓపిక లేని చేతికి పడవ ఇవ్వకూడదు.”

ఆ మాట నిజం. అందుకే వెనక్కి తీసుకోవడం కుదరలేదు. మొదటి ఏడాది కోపం ఉండేది. తర్వాత కోపం ఎటు పోయిందో పోయింది, మాట మాత్రం రాలేదు. నీళ్లు ఆరిపోయాక ఉప్పు మిగిలినట్టు మౌనం మిగిలింది. తమ్ముడు దుంగల వెనక నుంచి చుట్టూ తిరిగి గేటు దాటేవాడు. అతను ఆ వేళకి ఏదో ఒకటి వెతుక్కుంటూ వంగేవాడు.

నిన్న మరదలు వచ్చింది. “బావగారూ, పడవ చుక్కాని బిగుసుకుపోయింది. ఆయన అడగరు. నేనడుగుతున్నా,” అంది.

పొద్దున అతని ఎడమ భుజానికి మందు రాస్తూ భార్య అంది, “ఇవాళైనా నోరు విప్పండి. మీరు నానబెడితే గింజలు మొలకెత్తి చెట్లయిపోతాయి.”

“చూద్దాంలే.”

“తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నారుగా.”

కడ్డీ తల మీద మట్టీ జిడ్డూ గట్టిగా పేరుకున్నాయి. దాన్ని గుడ్డతో తుడిచాడు. సుత్తి గుర్తులు ఉంటాయనే అనుకున్నాడు. బొటనవేలితో చుట్టూ తడిమాడు. మళ్లీ తడిమాడు. ఒక్క నొక్కు లేదు. ఆకురాయి గీతలు కొత్తలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నెల రోజులుగా చుక్కాని బిగుసుకుని ఉంది. పక్కనే గోడకి పెద్ద సుత్తి వేలాడుతోంది. తమ్ముడు కొట్టలేదు.

అతనికి ఎందుకో సిగ్గేసింది. తను విసిరిన మాటని ఒకడు ఇన్నేళ్లూ జాగ్రత్తగా దాచుకున్నాడు. తను ఆ వైపు చూడనే లేదు.

చుక్కాని వదలగానే తనే పిలవాలనుకున్నాడు. ‘ఒరే, ఇలా రా, చూడు.’ చిన్నప్పటి పిలుపు. నోట్లో అనుకుంటే బాగానే ఉంది. దగ్గి, పైకి అన్నాడు.

“ఒరే...”

తెరచాపలు కుట్టే ముసలాయన సూది ఆపి తలెత్తాడు. “నన్నా, మేస్త్రీ?”

“నిన్ను కాదులే.”

“మరి నూనెడబ్బానా? పిలువు, పిలువు. నీ మాట వినేది అదొక్కటే.”

అతను నవ్వాడు. ఇంకో మూడు చుక్కలు వేసి, పిడి మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకున్నాడు. భుజంలో నొప్పి మోచేతిదాకా దిగింది. కాస్త కుదురుకుందామని పడవ చెక్కకి వీపు ఆనించాడు. వేళ్ల కింద ఏదో సన్నగా చిట్లింది. ఇనుములోనో, తనలోనో తెలియలేదు. ‘ఒరే’ అన్న పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది.

సాయంత్రం తమ్ముడు చేతులు కడుక్కుని, దుంగల వెనక్కి పోకుండా తిన్నగా వచ్చాడు. ముసలాయన పెదాల మీద వేలుంచి, “నానుతోంది,” అని గుసగుసలాడాడు.

తమ్ముడు తల ఊపి, చెప్పులు విప్పి, బాల్చీ బోర్లించుకుని కూర్చున్నాడు. అన్నకి ఇంత దగ్గరగా కూర్చుని తొమ్మిదేళ్లయింది. చెవి వెనక జుట్టు ఎప్పుడు తెల్లబడిందో. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అరగంట గడిచింది. ఈ అరగంటా బాగానే ఉందనిపించింది తమ్ముడికి.

“అన్నయ్యా,” అన్నాడు చివరికి. “వదిలిందా?”

జవాబు రాలేదు. రాకపోవడం అలవాటే కాబట్టి ఇంకాసేపు ఆగాడు. తర్వాత పిడి మీదున్న ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. రెండు చేతుల బరువుకి పిడి చప్పుడు లేకుండా, మెత్తగా పక్కకి తిరిగింది. కింది చెయ్యి చల్లగా ఉంది.

అందరూ వచ్చారు. డాక్టరు కూడా వచ్చి, మధ్యాహ్నమే పోయి ఉంటాడన్నాడు. నలుగురు పట్టి ఇంటికి తీసుకెళ్లారు. అన్న చెప్పుల కోసం వెనక్కి వచ్చిన తమ్ముడితో ముసలాయన అన్నాడు, “పొద్దున్నుంచీ ‘ఒరే, ఒరే’ అని తనలో తనే అనుకున్నాడయ్యా. మొదట నన్నేమో అనుకున్నా.”

తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకుని పడవ దగ్గర నిలబడ్డాడు. నూనె ఆరని ఇత్తడి మీద సుద్దగీత సగం గొట్టంతో ఉండిపోయింది, సగం కడ్డీతో పక్కకి జరిగింది.