తడిసిన మూడు మీటర్లు

కోడలు వంటింటి మెట్ల మీద కూర్చుని టేపు తుడుస్తోంది. స్టీలు టేపును తడిమీద చుట్టేస్తే తుప్పు పడుతుందని నీళ్ళ ఇంజనీరు మొదటి రోజే చెప్పి వెళ్ళింది. అప్పటి నుంచి రోజూ ఉదయం ఆరింటికి మామగారు బావి లోతు కొలవడం, టేపు తెచ్చి మెట్ల మీద వెయ్యడం, ఆమె పాత తువ్వాలు ముక్కతో తుడిచి చుట్టడం ఆ ఇంటి అలవాటు.

మొదట్లో తువ్వాలు మూల ఒకటి తడిసేది. ఈ రోజు పిండితే మెట్టు మీద మడుగు కట్టింది. ఆమె చేతిలో పని ఆపి, టేపు ఎంత మేర తడిసిందో చూసింది. మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు.

నీళ్ళను తాకగానే ఆగాల్సిన టేపు అంత లోతు ఈత కొట్టడానికి ఎందుకు వెళ్ళినట్టు?

ఊరు పెరుగుతోంది. తూర్పు వైపు కొత్త కాలనీలో అరవై ఇళ్ళు లేచాయి. భూమిలో ఉన్న నీళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళ పాటు అందరికీ సరిపోవాలంటే ఏడాదికి ఎంత తోడుకోవచ్చో ఇంజనీరు ప్రణాళిక వేస్తోంది. అందుకు ఊళ్ళో మూడు బావులను ఎంచుకుంది. వాటిలో ఒకటి వీళ్ళ పెరటి బావి. టేపు చివర బోర్లించిన చిన్న ఇత్తడి గిన్నె ఉంటుంది. దాన్ని దింపితే నీళ్ళకు తగిలి టప్పుమంటుంది. ఆ చప్పుడు వినగానే చెయ్యి ఆపి, గట్టు అంచు దగ్గర టేపు మీద అంకె చదవాలి. అంకె పెరిగితే నీళ్ళు కిందికి దిగినట్టు, తగ్గితే పైకి వచ్చినట్టు. అంతే విద్య.

ఆ విద్యకు మామగారిని మించినవాళ్ళు ఊళ్ళో లేరని అందరూ అన్నారు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. రెడీమేడ్ బట్టలు వచ్చి దుకాణం మూతపడ్డాక మెడలో టేపు లేక, సంకెళ్ళు తీసేసిన ఖైదీలా ఎటు నడవాలో తెలియక తిరిగేవారు. బావి టేపు చేతికొచ్చాక మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. మూడుసార్లు దింపి మూడు అంకెలు రాయాలని ఫారం మీద ఉంది. మామగారు ఒక్కసారే దింపుతారు.

"మూడుసార్లు కొలిచేవాడికి గుడ్డ ఎవరిస్తారమ్మా? మిగతా రెండూ అదే రాసెయ్" అంటారు.

ఆయన గట్టు దగ్గర నుంచి అంకె చెప్పడం, పది అడుగుల దూరంలో మెట్ల మీద కూర్చున్న కోడలు పుస్తకంలో రాయడం. పద్ధెనిమిది నెలల కిందట మొదటి అంకె తొమ్మిది మీటర్ల అరవై. ఈ రోజుది పన్నెండు నలభై.

నెలనెలా పెరుగుతూ వచ్చిన ఆ అంకె ఊరిని వణికించింది. సెలూన్ అతను రోజూ తన దుకాణం తెరవకముందే గోడ మీదుగా "టేపు తాతా, ఇవాళ ఎంత?" అని అడిగేవాడు. బస్సు డ్రైవరు బస్సును నెలకోసారి కడగడం మొదలుపెట్టాడు. దాని అసలు రంగేమిటో ప్రయాణికులు పందాలు వేసుకుంటున్నారు. పెళ్ళీడు కుర్రాళ్ళు సైతం ఒక్క బకెట్టుతో స్నానం కానిచ్చేస్తున్నారు. మామగారు వీధిలోకి వస్తే చాలు, మొక్కలకు నీళ్ళు పెట్టేవాళ్ళు గొట్టం వెనక దాచుకునేవారు.

"గుడ్డ రెండు మీటర్లే ఉంది. ఒళ్ళేమో పెరుగుతోంది. మీరు చొక్కాకి నాలుగు జేబులు పెట్టమంటున్నారు. నేనేం చెయ్యను?" అని ఆయన నీటి సంఘంలో అడిగితే సంఘం తల దించుకుంది.

శుక్రవారం ఆ సంఘమే కొత్త కాలనీకి బోరు వెయ్యాలా వద్దా తేల్చబోతోంది. పన్నెండు నలభై చూశాక ఎవరూ వెయ్యమనరు. ఐదేళ్ళు ఆగమంటారు. ఆ అరవై ఇళ్ళలో కోడలి ఇల్లూ ఒకటి. సైకిళ్ళు బాగుచేసే భర్తతో కలిసి కట్టుకున్న రెండు గదులు. కుళాయి లేక ఎనిమిది నెలలుగా తాళం వేసి ఉంది. వీళ్ళ కంటే ముందు సాలీళ్ళు కాపురం పెట్టేశాయి. అత్తమామలంటే గిట్టక కాదు. ఈ ఇంట్లో వాళ్ళిద్దరికీ ఇచ్చిన గదిలో నాలుగు పాత కుట్టుమిషన్లు కూడా కాపురం ఉంటున్నాయి. పక్క మీద ఒత్తిగిలితే మోకాలు చక్రానికి తగిలి మిషను కుట్టడం మొదలుపెడుతుంది.

మర్నాడు ఆమె టీ ఇచ్చే వంకతో బావి దగ్గరికి వెళ్ళి నిలబడింది. మామగారు టేపు దింపుతున్నారు. లోపల టప్పుమంది. స్పష్టంగా, ఎవరో చిటిక వేసినట్టు. మామగారి చెయ్యి ఆగలేదు. తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, ఎంతో శ్రద్ధగా ఇంకా దింపుతూనే ఉన్నారు.

"మామయ్యా, తగిలింది కదా" అంది ఆమె.

"టీ అక్కడ పెట్టమ్మా" అన్నారాయన. ఇంకో రెండు చేతుల టేపు దింపి, తృప్తిగా కళ్ళు తెరిచి, "పన్నెండు నలభై రెండు" అన్నారు.

దిగిపోతున్నవి నీళ్ళు కావు, చెవులు.

ఆమె అత్తగారి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని గింజలు ఏరుతోంది.

"అత్తయ్యా, మామయ్యకి వినపడటం లేదు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అదే తెలీదు. నలభై ఏళ్ళుగా నేను చెప్పింది ఆయన విన్నది లేదు. మధ్యలో ఏ రోజు నుంచి వినపడటం మానేసిందో నేనెలా కనిపెట్టను?" అని అత్తగారు ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో ఆ అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. "నువ్వేమీ అనకు తల్లీ. దుకాణం పోయినప్పుడు మంచం పట్టినంత పని చేశాడు. ఈ టేపు కూడా పోతే మనకు దక్కడు."

రాత్రి భర్తతో చెప్తే అతను ముందు నవ్వాడు, తర్వాత పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు.

"మీరు చెప్పండి. మీ నాన్నగారు కదా" అంది ఆమె.

"నేనా? నువ్వే చెప్పాలి. రాసేది నువ్వు కదా."

"రాసేదాన్నే. కొలిచేదాన్ని కాదు."

"నాన్నకి చెప్పాలంటే గట్టిగా అరవాలి. అరిస్తే వీధంతా వింటుంది. వీధి వింటే నాన్న పరువు ఏం కాను?" అని అతను మళ్ళీ పడుకున్నాడు. మోకాలు తగిలి మిషను రెండు కుట్లు వేసింది.

గురువారం పొద్దున ఇంజనీరు తనే వచ్చింది. మిగతా రెండు బావుల్లో నీళ్ళు కాస్త పైకి వస్తుంటే ఈ ఒక్క బావి ఎందుకు పాతాళానికి పోతోందో చూడాలంది. ఆమె దగ్గర కొత్తరకం టేపు ఉంది. నీటికి తగిలితే చక్రం మీద ఎర్రలైటు వెలుగుతుందని, కూత పెడుతుందని చెవిని చూపించి మరీ చెప్పింది.

దింపింది. లైటు వెలిగింది. కూత పెట్టింది. ఎలాంటి కూత అంటే, గోడ మీద పిట్టలు లేచిపోయాయి, పక్కింట్లో పసివాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

మామగారు వంగి చూసి, "లైటు బాగుంది. కూస్తుందన్నావు, కూయదేం? బ్యాటరీ అయిపోయిందేమో" అన్నారు.

పక్కింటి పసివాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. మామగారు ముందు ఇంజనీరు ముఖం చూశారు, తర్వాత భార్య ముఖం, ఆ తర్వాత కొడుకు ముఖం. కొడుకు చెప్పులకేసి చూసుకున్నాడు.

"తొమ్మిది మీటర్ల పది" అని చదివి ఇంజనీరు పుస్తకం తెరిచింది. "ఇందులో పన్నెండు నలభై రెండు అని ఉంది. ఇది రాసేది ఎవరు?"

"నేనేనండి" అంది కోడలు. "నాకు కాస్త వినికిడి తక్కువండి. మామయ్య తొమ్మిది అన్నా నేను పన్నెండు రాసేసి ఉంటాను."

"అవునమ్మా. పిలిస్తే పలకదు. పాపం, పుట్టింటి నుంచే అలా వచ్చింది" అని అత్తగారు తడుముకోకుండా అందుకుంది.

ఇంజనీరు జాలిపడింది. అక్కడి నుంచి కోడలితో ఏది చెప్పినా, చెవిటివాళ్ళతో చెప్పేలాగే గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. దాంతో జరిగిందేమిటంటే, చాలా కాలానికి మామగారికి ఒక సంభాషణ పొల్లుపోకుండా వినిపించింది.

"చూడమ్మా. జనం ఈ అంకెకి భయపడి నీళ్ళు పొదుపుగా వాడారు. అందుకే నీళ్ళు దిగలేదు సరికదా, అర మీటరు పైకి వచ్చాయి. ఇలాగే వాడుకుంటే అరవై ఇళ్ళకీ సరిపోతాయి. నేను లెక్క చూపించగలను. కానీ రేపు సంఘంలో నా యంత్రం మాట ఎవరూ నమ్మరు. వాళ్ళు నమ్మేది టేపు తాతని. కొలిచిన మనిషి లేచి పుస్తకం తప్పని చెప్తేనే బోరు వేస్తారు. లేకపోతే ఐదేళ్ళ దాకా కొత్త కాలనీలో కుళాయి రాదు. అర్థమైందా?"

"అర్థమైందండి" అంది కోడలు.

"ఏమిటి?" అంది ఇంజనీరు, మర్యాదకు తనకూ వినపడనట్టు.

ఆ రోజు మామగారు వీధిలోకి వెళ్ళలేదు. సెలూన్ అతను గోడ మీదుగా రెండుసార్లు అడిగి, జవాబు రాకపోయేసరికి నీళ్ళు పూర్తిగా అయిపోయాయనుకుని ఇంటికి పరుగెత్తాడు. సాయంత్రానికి వీధిలో ప్రతి బిందె, ప్రతి గిన్నె నిండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర మామగారు కంచంలోకి చూస్తూ అన్నారు.

"అమ్మాయ్. వినపడకపోవడం పెద్ద నేరమేమీ కాదు. నువ్వు బెంగపెట్టుకోకు."

"లేదు మామయ్యా."

ఆయన ఆమె పెదవులు చూసి, తలాడించి, మంచినీళ్ళు తాగారు. అత్తగారు ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి మానుకుంది.

శుక్రవారం ఉదయం ఆరింటికి మామగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అది కోడలు కూర్చునే చోటు. పుస్తకం ఒళ్ళో ఉంది. పెన్ను మూత తీసి ఉంది.

"నువ్వు దింపు" అన్నారు.

ఆమె బావి గట్టు దగ్గరికి వెళ్ళి టేపు వదిలింది. ఇనుప రిబ్బను వేళ్ళ మధ్య చల్లగా జారింది. టప్పుమంది. ఆమె చెయ్యి ఆపి, రెండో చెయ్యి పైకెత్తింది. ఆయన పెన్ను కాగితానికి ఆనించి, ఆమె వేళ్ళు చూశారు. ఆమె అంకె చదివి, ఆ చేత్తోనే ఐదు వేళ్ళు, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించింది. తర్వాత రెండుసార్లు ఐదేసి చూపించింది. ఆయన రాసుకున్నారు.

ఆమె టేపు లాగబోతే ఆయన ఆగమని చెయ్యి చూపి, రెండు వేళ్ళు ఎత్తారు. ఇంకో రెండుసార్లు. ఆమె మళ్ళీ దింపింది, చెయ్యెత్తింది. మళ్ళీ దింపింది. ప్రతిసారీ అదే అంకె. ప్రతిసారీ ఆయన కళ్ళజోడు సర్దుకుని, పోయినసారిది చూసి దించినట్టు కాకుండా, కొత్తగా రాశారు.

అప్పుడు వెనక్కి వెళ్ళి పద్ధెనిమిది నెలల పేజీలూ తిరగేశారు. ఎక్కడ ఆగాలో తెలియక ఒక్కో పేజీ దగ్గర కాసేపు ఆగి, చివరికి మొదటి నుంచి ప్రతి పేజీ మీదా ఒక్కో పెద్ద గీత కొట్టారు. చివరి గీత కింద సంతకం పెట్టారు.

అత్తగారు టీ పట్టుకుని వచ్చింది. "ఏమండీ, ఇంత పొద్దున్నే ఎక్కడికి? సంఘం తొమ్మిదింటికి కదా. టీ తాగి వెళ్ళండి."

మామగారు పుస్తకం చంకలో పెట్టుకుని లేచారు. అత్తగారు ఇంకా గట్టిగా అడిగింది. పక్కింటి పసివాడు మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాడు. సెలూన్ అతను గోడ మీద నుంచి తల ఎత్తి, "తాతా, ఇవాళ ఎంత?" అని అరిచాడు.

ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుని, చొక్కా కాలరు ఒకసారి తడుముకుని, గేటు తీసి, సంఘం గది ఉన్న వైపుకు వెళ్ళిపోయారు.