వణికే రేకు

గురులింగప్ప గేటు చక్రాన్ని తిప్పుతూనే కాలువలోకి ఓరగా చూశాడు. నీళ్లు సుడులు తిరుగుతూ ఇనుప కడ్డీని దాటుతున్నాయి. కడ్డీ వెనక కట్టిన పలుచని రేకు చేపతోకలా కొట్టుకుంటోంది. దాని తీగలు గట్టు మీది పెట్టెలోకి పోయాయి. పెట్టెలో ముల్లు వణుకుతోంది.

"సుడికి రేకు వంగుతుంది. వంగినప్పుడల్లా ఇంత కరెంటు పుడుతుంది," అని దాన్ని కట్టిన హైదరాబాదు కాలేజీ సారు చంద్రశేఖర్ మొదటి రోజే చెప్పాడు. గురులింగప్ప నమ్మలేదు. నీళ్లు పారినప్పుడల్లా కదిలే ముల్లు, ఆ సంగతి కాలువల ఆఫీసుకు చెప్పకుండా ఉంటుందా?

ఝరాసంగం పక్కనున్న ఈ కాలువకు అతడు లష్కర్. ఎండకు కమిలిన మెడ, కాయలు కాసిన అరచేతులు. గేటు తీయడం, మూయడం తప్ప వేరే బతుకెరగడు. నీళ్లు అమ్ముకుంటున్నాడని ఎవరో చాడీ చెబితే ఒకసారి కొన్నాళ్లు పనిలోంచి తీసేశారు. అప్పటినుంచి ఎదుటివాడు నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాడు. అయినా తెల్లవారకముందే, నీటి వంతు లేకపోయినా, కాలువ చివర శరణమ్మ మిరపతోటకు కాసిని నీళ్లు వదిలేవాడు. మొగుడు లేని మనిషి. ఆమె వంతునాడు ఎగువ పొలాల రైతులే నీళ్లు మళ్లించుకునేవాళ్లు.

రేకు వచ్చాక అది మానేశాడు.

"అన్నా, చెట్లు వాడిపోతున్నయే. జర ఇడువరాదూ," అని శరణమ్మ వచ్చి అడిగింది.

"నాతోని గాదు. పో," అని మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చంద్రశేఖర్ రేకు విప్పి, తీగలు చుట్టాడు.

"అయిపోయిందా సారూ?"

"చిన్న బల్బు కూడా వెలగలేదు. ఇంకా చాలా చెయ్యాలి."

గురులింగప్ప ఉండబట్టలేక అడిగేశాడు. "గా ముల్లు... నేను గేటు ఎప్పుడు తీసిననో ఆఫీసోళ్లకు చెప్తదా?"

సారు ఆశ్చర్యపోయాడు. "అది ఎవరికీ చెప్పదు. నేను చూస్తుంటే కనపడుతుంది, అంతే. ఎందుకడిగావు?"

గురులింగప్ప తీగల చుట్టను బస్సుదాకా మోసుకెళ్లాడు. సారు ఎక్కిన బస్సు మలుపు తిరగగానే, పట్టపగలే, వంతు కాకపోయినా గేటు తీశాడు. పారే నీళ్ల వెంటే కాలువ చివరిదాకా నడిచాడు.

శరణమ్మ గుడిసెకు తాళం వేసి ఉంది. పక్క చేనులో కలుపు తీస్తున్న యాదమ్మ తలెత్తింది.

"పొద్దుగాలనే బీదర్ ఇటుకబట్టీలకు పోయింది గదన్నా. నిన్న పొద్దుగూకేదాక కాల్వ దిక్కే చూసింది."

నీళ్లు ఎండిన మిరపసాళ్లలోకి మెల్లగా పాకాయి. గట్టు మీద శరణమ్మ పార పడి ఉంది. చెయ్యి ఒరుసుకోకుండా దాని కర్రకు చుట్టిన పాత చీరపేలిక గాలికి కొంచెం వదులైంది.