నా పేరుతో ఒక జవాబు

"మళ్ళీ మోటరు ఆపకుండా వచ్చినావా?" అన్నాడు నాగరాజు, నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే.

ఆపాను. చెయ్యి తడిగా ఉంటే కొంగుకు తుడుచుకుని మరీ స్విచ్ నొక్కాను. ఆ మాటే చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. "సరేలే, నీకు అట్ల అనిపించి ఉంటాది" అని జాలిగా నవ్వి, పలకల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన సూపర్‌వైజరు. మార్కాపురంలో మా వీధి వీధంతా నా మొగుణ్ణి నెమ్మదస్తుడంటుంది.

ఆరు నెలలుగా నాకు అన్నీ ఇట్లాగే "అనిపిస్తున్నాయి". బీరువాలో పెట్టిన ఆధార్ కార్డు బియ్యం డబ్బాలో దొరికింది. కట్టేసిన గ్యాసు పొయ్యి సన్నగా వెలుగుతూ కనిపించింది. చుట్టాల ముందు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ భయం సినిమాలు చూసి చూసి మా రేణుకకు మతి చెదిరిపోయింది. మీరు ఏమీ అనుకోవద్దు" అంటాడు. ఒంగోలు తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించాడు. డాక్టరు నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకూ నాగరాజే జవాబు చెప్పాడు. నిద్రకు మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకున్నప్పటి నుంచి పొద్దునపూట తల బరువుగా ఉండి, నిన్న ఏం జరిగిందో నిజంగానే మసకబారుతోంది.

సినిమాలు నేను సరదాకు చూడను. అది నా పని. హైదరాబాదులోని ఒక ఆఫీసు నుంచి సినిమాలు వస్తాయి, తెర కింద పడే తెలుగు మాటలు నేను రాసి పంపుతాను. వంట, అంట్లు, బట్టలు అయ్యాక, మా అమ్మాయిని హాస్టల్లో చేర్పించాక మిగిలిన ఆ మూడు గంటల మధ్యాహ్నంలో రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదట్లో పెళ్ళిళ్ళ సినిమాలు, నవ్వుల సినిమాలు వచ్చేవి. ఇప్పుడు పదింటిలో ఆరు మనసును భయపెట్టేవే. వాటిలో దయ్యాలు కూడా ఉండవు. ఒక ఇల్లు, ఒక ఆడమనిషి, ఆమె మాట నమ్మని నలుగురు.

"జనం ఇవే అడుగుతున్నారు రేణుకా. చిన్న ఊళ్ళలో, మధ్యాహ్నం పూట, ఎక్కువగా ఆడవాళ్ళే చూస్తున్నారు. ఇంత భయం డబ్బిచ్చి ఎందుకు కొనుక్కుంటున్నారో మా వాళ్ళకే అర్థం కావడం లేదు" అంది ఒకసారి మా మేడం అరుణకుమారి. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఆ రోజు చేస్తున్న సినిమాలో ఒకామె రోజూ కిటికీకి గడియ పెట్టి పడుకుంటుంది. తెల్లారేసరికి అది తీసి ఉంటుంది. గడియ తీసేది ఆమె మొగుడే. అది ఆమెకు తెలియదు, చూసే మనకు తెలుసు. ఆమె ఏడుస్తూ అడిగితే అతను ఇంగ్లీషులో ఏదో మెత్తగా అన్నాడు. నేను ఆలోచించకుండానే టైపు చేశాను: "సరేలే, నీకు అలా అనిపించి ఉంటుంది."

రాసిన మాట తెర కింద కనబడగానే నా వేళ్ళు ఆగిపోయాయి.

అప్పుడే మేడం ఫోన్ చేసింది. "ఒంట్లో ఎలా ఉంది? మీరు రాకపోవడం నాకు చాలా బాధగా ఉందండీ. మీ తర్వాత ఉన్నామెకు ఇస్తున్నాం" అంది.

"ఏది మేడం?"

"అదే, అందరి పనీ సరిచూసే ఉద్యోగం. మూడు వారాలు ఇక్కడ శిక్షణ అని మెయిలు పెట్టాను కదా. 'ఆరోగ్యం బాగాలేదు, రాలేను' అని మీరే జవాబు ఇచ్చారు."

మెయిలు వచ్చిన మాట నిజం. పోయిన గురువారం పొద్దున దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. సాయంత్రం చూస్తే లేదు. "ఏ మెయిలు? కలగన్నావేమో" అన్నాడు నాగరాజు. మాత్రల మత్తులో నేనూ కలేననుకున్నాను. ఇప్పుడు మేడం ఆ జవాబును నాకు ఫోటో తీసి పంపింది. పైన నా పేరు. కింద నా పేరు. అది నేను రాయలేదు. కాదు, రాశానేమో? నా మీద నాకే నమ్మకం లేకపోవడం ఎంత భయంగా ఉంటుందో అంతవరకూ ఏ సినిమా నాకు చూపించలేదు.

పక్కన మంచం మీద మా అత్త గురమ్మ తెర మీద ఆగిపోయిన బొమ్మనే చూస్తోంది. ఆమెకు చదువు రాదు. "ఏందే ఆ పిల్ల అట్ల ఏడుస్తాండాది?" అంది.

చెప్పాను. కిటికీ సంగతి, మొగుడి సంగతి.

"వాడు తీస్తాండాడని ఆ పిల్లకు ఎవురూ చెప్పరా?"

"చూసినోళ్ళు లేరత్తా. చూసేది మనమే."

అత్త చీర అంచును వేళ్ళతో మడత పెడుతూ, తీస్తూ ఉంది.

"నీ కార్డు బియ్యం డబ్బాలో ఏసింది నాగరాజే. మొన్న నువ్వు స్నానానికి పోయినప్పుడు నీ ఫోను పట్టుకోని ఏందో నొక్కతా ఉన్నాడు. నేను ఆడనే ఉన్నా."

నాకు కోపం నాగరాజు మీద కన్నా ముందు ఆమె మీదే వచ్చింది. "చూసి కూడా ఇన్ని రోజులు ఊరుకున్నావా?"

"కొడుకే గదా" అంది తల దించుకుని. "కొనకనమిట్లలో ఉన్నప్పుడు నాకు పుట్టింటోళ్ళిచ్చిన పది గొర్రెలుండె. నేను కాన్పుకు పోయి వచ్చేలోపల మీ మామ అమ్మేసినాడు. అడిగితే, నువ్వే గదా అమ్మమన్నావు అన్నాడు. గురమ్మకు గాలి సోకిందని ఊరంతా చెప్పినాడు. ఆయన పోయి నాలుగేండ్లాయె. ఇప్పటికీ ఒక్కోసారి నేనే అమ్మమన్నానేమో అనుకుంటా."

మేడం అడిగిన ప్రశ్నకు జవాబు నాకప్పుడు తెలిసింది. ఆ ఆడవాళ్ళు భయం కొనుక్కోవడం లేదు. జరిగింది నిజంగానే జరిగిందని తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలి. తమ ఇంట్లో అలాంటి మనిషి లేనప్పుడు, సినిమాలో ఆ పిల్లకు సాక్షిగా తామైనా ఉంటున్నారు.

మేడంకు ఫోన్ చేసి ఆ జవాబు నాది కాదని చెప్పాను. ఎవరిదని ఆమె అడిగితే అది కూడా దాచలేదు. "ఆమెకు ఇంకా ఖరారు చేయలేదు. శిక్షణకు సోమవారం పొద్దునకు రాగలరా?" అంది. మెయిలుకు, ఫోనుకు పాస్‌వర్డులు మార్చాను. ఒంగోలు మళ్ళీ వెళ్ళి ఆ డాక్టరుతో ఈసారి నేనే మాట్లాడాలనుకున్నాను.

సాయంత్రం నాగరాజు వచ్చేసరికి మంచం మీద బ్యాగు సర్దుతున్నాను. మెయిలు సంగతి, హైదరాబాదు ప్రయాణం సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. నా పక్కన కూర్చుని, అదే మెత్తని గొంతుతో, "నేనెందుకు రాస్తా రేణుకా? నువ్వే రాసి మర్చిపోయినావు. ఇట్లాంటి మనిషివి ఒక్కదానివే హైదరాబాదులో ఎట్ల ఉంటావు?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ గొంతు వింటే నా చేతులు ఒక్క క్షణం ఆగాయి.

ఆయన అది చూశాడు. ధైర్యం వచ్చినట్టుంది, తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు దీనికి."

అత్త కొడుకు ముఖంలోకి చూడలేకపోయింది. గోడను చూస్తూనే అంది. "చెప్పాల్సింది మధ్యాన్నమే చెప్పేసినా నాయనా."

నాగరాజు ముఖంలో అప్పుడు చూశాను భయం. పదిహేడేళ్ళుగా నేను అన్నం పెట్టిన మనిషి. చూస్తే నాకు సంతోషమేమీ కలగలేదు. ఇంకో రెండు చీరలు బ్యాగులో పెట్టుకున్నాను.