ఒక్క ఇల్లు తప్ప

ఆమెను ఊరంతా కోళ్ళ డాక్టరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె చిన్న తోడికోడలే. మహిళా సంఘం తరఫున పశువుల ఆస్పత్రికి వెళ్ళి, కోళ్ళకు టీకాలు వేయడం నేర్చుకుని వచ్చిన రోజున, "పక్కకి జరగండి, డాక్టరమ్మ వస్తోంది! ఎవరైనా దగ్గితే రెక్క ఎత్తి పొడిచేస్తుంది!" అంటూ వీధి మొగదాకా ఎదురెళ్ళి ఆమె చేతిలోని ఐసు డబ్బా అందుకుంది. వెక్కిరింపుగా మొదలైన ఆ పిలుపు కొన్నాళ్ళకు మర్యాదగా మారిపోయింది. పెద్దామెకు లోలోపల అది ఎంతో ఇష్టంగా ఉండేది.

తోడికోడళ్ళిద్దరివీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. పెద్దామె భర్త ట్రాక్టరు నడిపేవాడు. చిన్నామె భర్తది తాపీ పని. పని ఎక్కడుంటే అక్కడికి పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుపోయి, కడుతున్న ఇంటి పక్కనే రేకుల షెడ్డులో కాపురం పెట్టేవాడు. చిన్నామె ఇసుక తట్టలు మోసేది. కూతురు ఏ బడిలోనూ ఒక్క ఏడాదైనా పూర్తిగా చదవలేదు.

సంఘానికి కోళ్ళ పథకం వచ్చాక ఆ తిరుగుడు ఆగింది. సంఘంలో ఉన్న ప్రతి ఇంటికీ కోడిపిల్లల్ని, గూడు కట్టుకోవడానికి వలనీ రేకుల్నీ ఇచ్చారు. గుడ్లన్నీ కిరాణా కొట్టులో ఒకచోట చేర్చి పట్నం వ్యానుకు ఎక్కించేవారు. ఆ కొట్టు నడిపే ఆమే సంఘానికి లీడరు. అందరూ ఆమెను కొట్టు వదిన అనేవారు. గుడ్ల మీద వచ్చే ఆదాయంతో ఇల్లు గడుస్తుండడంతో చిన్నామె భర్తను ఒక్కడినే పనికి పంపి, తాను కూతురితో ఊళ్ళో ఉండిపోయింది. పిల్ల బడికి వెళ్తోంది. "నా నెత్తి చూడక్కా, జుట్టు మళ్ళీ మొలుస్తోంది," అని ఒకరోజు చిన్నామె తల వంచి చూపించింది. తట్టలు మోసి మోసి పలచబడిన నడినెత్తిన సన్నగా నల్లగా వెంట్రుకలు వస్తున్నాయి. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

వాళ్ళ మధ్య చెడింది రెండో విడత కోడిపిల్లలు వచ్చినప్పుడు.

పిల్లల్ని పంచే పని డాక్టరమ్మకే అప్పగించారు. పంచేటప్పుడు ఏది హుషారుగా ఉందో ఏది నీరసంగా ఉందో ఆమె కన్ను పట్టేస్తుంది. చురుగ్గా ఉన్నవి కొన్ని ఆమె చేతిలోంచి సొంత బుట్టలోకి జారాయి. తన స్థానంలో ఎవరున్నా ఇదే చేస్తారనుకుంది. ఆ తరవాతి సమావేశంలో, కొట్టు వెనక గదిలో అందరూ కూర్చుని ఉండగా, పిల్లలు ఎలా ఉన్నాయని లీడరు అడిగింది.

"డాక్టరమ్మ ఇంట్లోవి అప్పుడే పుంజుల్లా పోట్లాడుకుంటున్నాయి వదినా," అంది చిన్నామె. "మా ఇంట్లోవి నిలబడ్డానికి గోడ పట్టుకుంటున్నాయి. ఏం చేస్తాం? డాక్టరమ్మ ఫీజు ముందే తీసేసుకుంది!"

గది గొల్లుమంది. ఒకామె నవ్వలేక పక్కామె భుజం మీద వాలిపోయింది. పెద్దామె కూడా అందరితో పాటు నవ్వింది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే అంత మండేది కాదేమో.

మర్నాడు చిన్నామె గోడ అవతల నుంచి "అక్కా!" అని పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. చిన్నామె మొదట దాన్ని సరదా అలక అనుకుంది. నాలుగు రోజులు పోయాక తనకూ కోపం వచ్చింది. "ఒక్క మాటకి ఇంత సాగదీస్తే ఎలా అత్తయ్యా? తప్పయిందని కాళ్ళు పట్టుకోవాలా?" అంది అత్తగారితో. అత్తగారు ఉండేది పెద్దకోడలి ఇంట్లోనే అయినా పగలంతా రెండిళ్ళకూ తిరుగుతూ ఉండేది. "మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నేను గోడకి పడిన కన్నంలా అయిపోయానర్రా. పొడిచేసుకోండి, చచ్చిపోండి," అని విసుక్కునేది. ఎవరూ నవ్వలేదు.

వానలు మొదలవబోతున్నాయనగా టీకాల రోజు వచ్చింది. ఆ కాలంలోనే కోళ్ళకు కొక్కెర తెగులు తగిలేది. తగిలిందంటే ఇంటికి ఇల్లు ఊడ్చిపెట్టుకుపోతుంది. మందు సీసా ఐసులో ఉండాలి. ఒకసారి మూత తీసి కలిపాక త్వరగా వాడేయాలి, మిగిలితే దాచడానికి లేదు. అందుకని ఆ రోజు తెల్లవారుజామునే, కోళ్ళను గూళ్ళలోంచి వదలక ముందే, డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరిగేది. టీకా వేయించని ఇంటికి తరవాతి విడతలో పిల్లల్ని ఇవ్వకూడదని సంఘం ఒక నియమం పెట్టుకుంది. పట్టుబట్టి పెట్టించింది ఆమే. ఒకరి అశ్రద్ధ ఊరందరి కోళ్ళనూ ముంచుతుందని అప్పట్లో గట్టిగా వాదించింది.

వీధి అటు చివర మొదలుపెట్టి ఒక్కో ఇల్లే చేసుకుంటూ వచ్చింది. ఒకరు కోడిని పట్టుకుంటే, ఆమె రెక్క ఎత్తి, ఈకలు పక్కకు ఒత్తి, సూది గుచ్చి వదిలేసేది. తన ఇంట్లోవాటికి బయల్దేరేటప్పుడే వేసేసింది. ఇక మిగిలింది చిన్నామె ఇల్లు.

చిన్నామె గడప మీద కూర్చుని కూతురికి జడ వేస్తోంది. బాగా పొద్దెక్కింది. ఊళ్ళో కోళ్ళన్నీ వీధిలో తిరుగుతున్నాయి. ఆమె గూటి తలుపు మాత్రం వేసే ఉంది. లోపల కోళ్ళు గోల పెడుతున్నాయి. ఎందుకు వేసి ఉంచిందో పెద్దామెకు చెప్పక్కర్లేదు.

పిలుస్తుందిలే అనుకుంది పెద్దామె. ఒక్కసారి అక్కా అంటే చాలు, లోపలికి వెళ్దామనుకుంది. చిన్నామె తలెత్తింది. జడ పాయలు చేతిలో అలాగే ఉన్నాయి. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. ఆ క్షణంలోనే పెద్దామె ఐసు డబ్బా పట్టీ సరిచేసుకుంటున్నట్టు తల వంచింది. తల వంచుకునే ఆ గుమ్మం దాటేసింది.

ఇంటి వెనక గొయ్యిలో మిగిలిన మందు ఒంపేసింది. చిన్నామె కోళ్ళన్నిటికీ సరిపోయేంత మందు అది. మట్టి కప్పుతున్నప్పుడే అవతలి పక్క గూటి తలుపు తీసిన చప్పుడూ, కోళ్ళు ఒక్కసారిగా బయటపడ్డ రెక్కల చప్పుడూ వినిపించాయి. ఇంకో సీసా తెప్పించి రెండు రోజుల్లో వేసేద్దామనుకుంది. ఆ రెండు రోజులూ అలాగే వారమైంది, పక్షమైంది.

వానలు పడ్డాయి. ఒక ఉదయం చిన్నామె గోడ దగ్గరికి కాదు, నేరుగా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఒక్కసారి రా. కోళ్ళు మెడలు తిప్పేస్తున్నాయి. నువ్వు రా అక్కా, కోపం తరవాత పడుదువుగాని!"

పెద్దామె చేతిలో పని వదిలేసి వెళ్ళింది. గూటి నిండా ఆకుపచ్చని రెట్టలు. కొన్ని నోరు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. కొన్ని మెడ వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూస్తున్నట్టు ఉన్నాయి. రోజూ గుడ్డు పెట్టే ఎర్రపెట్ట కాళ్ళు చాపేసి నేల మీద పడి ఉంది.

"సూది వెయ్యక్కా."

"ఇప్పుడు వేసినా లాభం లేదే. ఇది రాకముందు వెయ్యాల్సింది."

అన్నాక ఆ మాట తనకే వినబడింది. చిన్నామె ఎర్రపెట్టను ఒళ్ళో పెట్టుకుని దాని మెడ చేత్తో నిలబెట్టాలని చూస్తూ కూర్చుంది. వదిలితే మళ్ళీ వాలిపోతోంది. ఒక్కటీ మిగల్లేదు. ఇద్దరూ కలిసే గొయ్యి తవ్వి, సున్నం చల్లి, పూడ్చిపెట్టారు.

ఆ వారం సమావేశంలో అందరూ అదే మాట్లాడుకున్నారు. తెగులు వీధిలో ఇంకే గూటికీ తగల్లేదు.

"అందరికీ వేశావు కదా డాక్టరమ్మా, ఆ ఇంట్లోనే ఎందుకు పోయాయి?" అని కొట్టు వదిన అడిగింది. తప్పు పట్టాలని కాదు, తెలియక అడిగింది.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. పెద్దామె నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "నేను వెళ్ళేసరికి కోళ్ళని వదిలేసింది వదినా. ఒక్కటీ చేతికి దొరకలేదు."

గదిలో అందరి చూపులూ చిన్నామె మీదికి తిరిగాయి. ఆమె తోడికోడలి వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇప్పుడు నోరు విప్పుతుంది, అందరి ముందూ పరువు తీస్తుంది అనుకుంది పెద్దామె. చిన్నామె తల దించుకుని, "అవును, వదిలేశాను," అంది.

నియమం నియమమే కదా అన్నారెవరో. తరవాతి విడత పిల్లల్లో ఆమెకు వాటా లేదన్నారు. పాపం అని కూడా అన్నారు. నెల తిరక్కుండా చిన్నామె ఇంటికి తాళం పడింది. భర్త పట్నంలో పెద్ద మేడ పనిలో ఉన్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ అక్కడికే వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు పెద్దామె పొలానికి పోయింది. వెళ్ళాల్సిన పనేమీ లేదు ఆ రోజు.

ఏడాది గడిచింది. కోళ్ళ పని బాగా కలిసొచ్చింది. గుడ్లు పొదిగించే యంత్రం వచ్చింది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు చూసి నేర్చుకుపోవడానికి వచ్చేవారు. ఒకసారి అలా వచ్చినవాళ్ళకు పశువుల డాక్టరు గారు ఆమెను చూపిస్తూ, "చుట్టుపక్కల తెగులొచ్చి గూళ్ళకి గూళ్ళు ఖాళీ అయిపోతే, ఈ వీధిలో ఒక్క ఇల్లు తప్ప అన్నీ నిలబడ్డాయి. అంతా ఈవిడ చలవే," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మంచినీళ్ళు తెస్తానని లేచి వెనక్కి వెళ్ళి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆ ఒక్క ఇల్లూ ఎందుకు పోయిందని ఆయన అడగలేదు. ఎవరూ అడగరని ఆమెకు తెలిసిపోయింది.

మర్నాడే పట్నం బస్సెక్కింది.

మేడ ఇంకా సగంలోనే ఉంది. ఇసుక గుట్ట పక్కన తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది చిన్నామె. తల మీద పాత గుడ్డ చుట్టుకుని ఉంది. తోడికోడల్ని చూసి గభాలున లేచింది.

"అక్కా! అత్తయ్య బాగానే ఉందా? ఏమైనా అయిందా?"

"అందరూ బాగున్నారు. నీకోసమే వచ్చా." ఆమెకు దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు నీ గూడు వేసి ఉందే. నేను చూశాను. చూసే వెళ్ళిపోయాను."

"తెలుసక్కా."

"మరి సమావేశంలో ఎందుకు చెప్పలేదు? నేను అబద్ధమాడుతుంటే అవునన్నావెందుకు?"

చిన్నామె చేతులకంటిన సిమెంటు పొడి దులుపుకుంది. "అంతకుముందే అందరి ముందూ నిన్ను నవ్వులపాలు చేశాను. మళ్ళీ ఆ గదిలోనే నీ తల దించాలంటే మనసొప్పలేదు. నేనైనా పిలవాల్సింది కదా? ఒక్క కేక వేస్తే ఆగేదానివి. పిలుద్దామనే అనుకున్నా. నువ్వే ఆగుతావులే అనిపించింది."

పెద్దామె ఏడ్చింది. చిన్నామె ఏడవలేదు. చుట్టూ పనివాళ్ళు చూస్తున్నారని ఆమెను పక్కకు తీసుకెళ్ళి, సీసాలో నీళ్ళిచ్చింది.

"ఇంటికొచ్చెయ్యవే. నేను అందరికీ చెప్తాను. నా కోళ్ళలో సగం నీవి."

"పిల్లని ఇక్కడి బడిలో వేశామక్కా. ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. ఇంకోసారి కదిపితే అది చదువు మానేస్తుంది. నాకూ మొదటినుంచీ మొదలుపెట్టే ఓపిక లేదు." మేస్త్రీ పిలవడంతో తట్ట ఎత్తుకుంది. "భోజనం చేసి వెళ్దువుగాని, సాయంత్రం దాకా ఉంటావా?"

ఉంది. ముగ్గురికి సరిపడా గది అది. తిన్నాక పిల్ల తన పుస్తకాలు చూపించింది.

వచ్చిన వారమే ఆమె సంఘం ముందు లేచి నిలబడి అంతా చెప్పేసింది. పిల్లల పంపకంలో చేసింది కూడా దాచలేదు. తిట్టిపోస్తారనుకుంది. టీకాల పని ఇంకెవరికైనా అప్పగిస్తారనుకుంది. "పోనీలే డాక్టరమ్మా, అయిందేదో అయింది. నువ్వు మానేస్తే మా కోళ్ళ గతేంటి?" అంది ఒకామె. చిన్నామె ఎప్పుడొచ్చినా తన వాటా తనదేనని తీర్మానించారు. తరవాత దాణా సంగతి మాట్లాడుకున్నారు. నాలుగు తిట్లు పడి ఉంటే కొంచెం తేలికపడేదేమో. అవి కూడా దక్కలేదు.

అత్తగారు మాత్రం ఆ రాత్రి ఆమె వడ్డించిన కంచం ముందు కూర్చుని, "నీ కోపం నీదే అనుకున్నాను గానీ, దాని బతుకు మీద తీర్చుకుంటావనుకోలేదే," అంది. ఆ ఒక్క మాటే. తిని లేచిపోయింది.

తరవాతి ఎండాకాలంలో చిన్నామె కుటుంబం వచ్చి తమ భాగం ఇల్లు కొట్టు వదినకు అమ్మేసింది. గుడ్లు నిలవ చేయడానికి సంఘానికి గది కావాల్సి వచ్చింది. ఒక్క రాత్రి ఉన్నారు. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని గిన్నెలు తోముకున్నారు, పిల్ల చదువు గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు రాలేదు.

పొద్దున్నే బస్సు వచ్చింది. "ఉంటానక్కా. అత్తయ్య మందులు మర్చిపోకు," అంది చిన్నామె కిటికీలోంచి. పెద్దామె తలూపింది. బస్సు మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడింది. తరవాత పొదుగు యంత్రంలో గుడ్లు తిప్పే వేళయిందని ఎవరో పిలిస్తే వెళ్ళింది.